శబ్దాన్ని లెక్కకు తెచ్చిన క్లాడ్ షానన్

ఎడిసన్ గురించి, సర్ సి.వి. రామన్ గురించి, బాబాసాహెబ్ అంబేద్కర్ గారి గురించి మన వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. రాయాలి కూడా. అయితే ఈసారి మేము నలుగురం కలిసి రాస్తున్న ఈ వ్యాసం మన హాస్టల్లో అంతగా వినిపించని ఒక శాస్త్రవేత్తను గురించినది. ఆయన పేరు క్లాడ్ ఎల్వుడ్ షానన్. ఇంజనీరింగ్ చదివిన అన్నలను అడిగితే ఈ పేరు వెంటనే గుర్తుపడతారు. సెల్‌ఫోన్, సీడీ, ఇంటర్నెట్, వీటన్నింటి వెనుక ఉన్న లెక్క ఆయనది.

ఆయన మాకు ఎట్లా పరిచయమయ్యాడో కూడా చెప్పాలి. ఈ ఏడు వార్షికోత్సవానికి డప్పు శబ్దాలను రికార్డు చేసి, ముక్కలుగా కోసి, సరిచేసి, ఎలక్ట్రానిక్ ప్యాడ్‌లోకి ఎక్కించే పని మా నలుగురికి అప్పగించారు. ఆ పనిలో అడుగడుగునా కొన్ని అంకెలు ఎదురైనాయి. 44,100 అంటాడు. 16 బిట్లు అంటాడు. అంతకంటే ఎక్కువున్నా ప్యాడ్ తీసుకోదు, తక్కువున్నా శబ్దం పాడవుతుంది అంటాడు. ఈ అంకెలు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని సార్లను అడుగుతూ, పుస్తకాలు వెతుకుతూ పోతే దారి షానన్ గారి దగ్గర తేలింది.

షానన్ గారు 1916 ఏప్రిల్ 30న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పెటోస్కీ అనే పట్టణంలో జన్మించారు. పెరిగింది మాత్రం గేలార్డ్‌లో. అది మన కల్వకుర్తి కంటే చాలా చిన్న ఊరు. తండ్రి వ్యాపారం చేశారు, వీలునామాలు, వారసత్వ ఆస్తుల తగాదాలు చూసే న్యాయమూర్తిగానూ ఉన్నారు. తల్లి భాషలు చెప్పే టీచర్, ఆ ఊరి హైస్కూలుకు కొంతకాలం ప్రధానోపాధ్యాయురాలు. అక్క క్యాథరీన్ లెక్కల్లో దిట్ట. అంటే షానన్ గారు కటిక పేదరికం నుంచి వచ్చినవారు కాదు. ఈ మాట దాచి రాయడం మాకు ఇష్టం లేదు. జీవిత చరిత్ర అనగానే ప్రతి గొప్పవాణ్ణీ వీధిదీపం కింద కూర్చోబెట్టి చదివించడం మనకు అలవాటైపోయింది. దీపం ఇంట్లోనే ఉన్నా ఆ పిల్లవాడు దాని కింద ఏం చేశాడన్నది చూడాలి.

ఏం చేశాడంటే, తన ఇంటి నుంచి దాదాపు అర మైలు దూరంలో ఉన్న స్నేహితుని ఇంటికి టెలిగ్రాఫ్ వేశాడు. తీగ కొనడానికి డబ్బులు ఎక్కడివి? మధ్యలో పొలాల చుట్టూ ముళ్ళకంచె ఉంది. ఆ కంచె తీగనే వాడుకున్నాడు. మన వైపు చేనుగట్ల మీద కూడా అదే ముళ్ళతీగ ఉంటుంది. మేకలు రాకుండా కట్టిన తీగ అది. దాని మీద మాట పోతుందని మనలో ఎవరికీ తట్టలేదు. ఊర్లో పాడైన రేడియోలు బాగుచేశాడు, టెలిగ్రాంలు ఇంటింటికీ చేరవేసే పని కూడా చేశాడు. చిన్ననాడు ఆయనకు ఆదర్శం ఎడిసన్. పెద్దయ్యాక తెలిసింది, ఎడిసన్ తనకు దూరపు చుట్టమేనని. ఇద్దరి వంశాలకు మూలపురుషుడు ఒక్కడే.

1932లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో చేరి 1936లో రెండు డిగ్రీలతో బయటికి వచ్చారు. ఒకటి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, రెండోది గణితం. ఏ ఒక్కటో ఎంచుకోలేక రెండూ చదివారు. ఆ తరువాత జరిగినదంతా ఈ రెండూ ఒకే తలలో ఉండటం వల్లనే జరిగిందని మా అభిప్రాయం. నోటీసు బోర్డు మీద కనబడిన ఒక ప్రకటన చూసి మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి.కి వెళ్ళారు. అక్కడ వానెవర్ బుష్ అనే ప్రొఫెసర్ తయారుచేసిన పెద్ద గణన యంత్రం ఉండేది. చక్రాలు, పళ్ళెలు, ఇరుసులు తిరిగి లెక్కలు చేసేవి. దాన్ని నడిపించడానికి నూరుకు పైగా రిలేలతో ఒక విద్యుత్ వలయం. రిలే అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే స్విచ్. ఆ స్విచ్‌ల చిక్కుముడిని చూసుకోవడం షానన్ గారి పని.

మిషిగన్‌లో ఆయన తర్కశాస్త్రం పాఠంలో జార్జ్ బూల్ అనే 19వ శతాబ్దపు గణితజ్ఞుని బీజగణితం చదివి ఉన్నారు. అందులో ప్రతిదీ నిజం లేదా అబద్ధం, 1 లేదా 0. స్విచ్ కూడా అంతే కదా, వేసి ఉంటుంది లేదా తీసి ఉంటుంది. రెండు స్విచ్‌లను ఒకదాని వెనుక ఒకటి పెడితే రెండూ వేస్తేనే బల్బు వెలుగుతుంది. పక్కపక్కన పెడితే ఏ ఒక్కటి వేసినా వెలుగుతుంది. మొదటిది మరియు, రెండోది లేదా. ఈ చిన్న పోలికను పట్టుకుని 1937లో, 21 ఏళ్ళ వయసులో, ఆయన తన మాస్టర్స్ పరిశోధన వ్యాసం రాశారు. అది 1938లో అచ్చయింది. ఈనాటి కంప్యూటర్లలోని వలయాలన్నీ ఆ పద్ధతిలోనే గీస్తారు. దానికి 1940లో ఆల్‌ఫ్రెడ్ నోబుల్ బహుమతి వచ్చింది. ఇది స్వీడన్ వాళ్ళ నోబెల్ కాదు, ఆ పేరుగల ఒక అమెరికన్ ఇంజనీరు పేరిట ఇచ్చేది. క్విజ్ పోటీల్లో చాలామంది ఇక్కడ పొరపాటు పడతారు, జాగ్రత్త. అదే ఏడు జన్యుశాస్త్రంలోని లెక్కల మీద డాక్టరేట్ కూడా పొందారు.

1941లో ఆయన బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో చేరారు. రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం అది. అమెరికా, బ్రిటన్ నాయకులు సముద్రానికి ఇటూ అటూ ఉండి ఫోనులో మాట్లాడుకోవాలి, శత్రువు విన్నా అర్థం కాకూడదు. దీనికోసం బెల్ వాళ్ళు సిగ్‌సాలీ అనే యంత్రం చేశారు. అది 50 టన్నులకు పైగా బరువు. 1943 జూలైలో వాషింగ్టన్, లండన్ నగరాల మధ్య పని మొదలుపెట్టింది. ఆ యంత్రం మాటను చిన్నచిన్న పౌనఃపున్య భాగాలుగా విడదీసి, ఒక్కో భాగం ఎంత బలంగా ఉందో సెకనుకు 50 సార్లు కొలిచి, ఆ కొలతను ఆరు మెట్లలో ఒకటిగా రాసేది. తరువాత దానికి అర్థంలేని హోరును కలిపేది. ఆ హోరు గ్రామఫోను రికార్డు మీద ఉంటుంది. సరిగ్గా అటువంటిదే మరొక రికార్డు అవతలి గట్టున ఉంటుంది. అక్కడ ఆ హోరును తీసివేస్తే మాట మిగులుతుంది. ఒకసారి వాడిన రికార్డులను మళ్ళీ వాడకుండా నాశనం చేసేవారు. ఈ రహస్యం ఎవరూ ఛేదించలేనిదేనా అని గణితంతో పరీక్షించిన వారిలో షానన్ గారు ఒకరు. ఆ రోజుల్లోనే ఇంగ్లండు నుంచి అలాన్ ట్యూరింగ్ బెల్ ప్రయోగశాలకు వచ్చారు. ఇద్దరూ రోజూ టీ తాగే వేళ కలిసి మాట్లాడుకునేవారు. ఎవరు చేస్తున్న రహస్యపు పని వారు రెండోవారికి చెప్పకూడదు. అందుకని యంత్రాలు ఆలోచించగలవా అనే విషయం మీద మాట్లాడుకున్నారు.

యుద్ధమంతా ఆయన ఇంటి దగ్గర రాత్రుళ్ళు కూర్చుని రాసుకున్న ఆలోచనలు 1948లో బెల్ వాళ్ళ సాంకేతిక పత్రికలో జూలై, అక్టోబర్ సంచికల్లో వ్యాసంగా వచ్చాయి. సమాచార ప్రసారానికి గణిత సిద్ధాంతం అని దాని అర్థం. సమాచారాన్ని కొలవవచ్చని, దాని కొలమానం బిట్ అని అందులో చెప్పారు. బిట్ అనే పేరు తనది కాదని, జాన్ టూకీ అనే మిత్రుడు పెట్టాడని కూడా ఆ వ్యాసంలోనే రాశారు. ఇతరుల సొమ్మును తనదిగా చెప్పుకునే అలవాటు ఆయనకు లేదు.

ఆ వ్యాసంలో ఒక బొమ్మ ఉంది. మాట పుట్టే చోటు, దాన్ని పంపే పరికరం, పోయే దారి, అందుకునే పరికరం, చేరే చోటు. దారి మధ్యలోకి బాణం గుర్తుతో హోరు వచ్చి పడుతుంది. మేము ఈ బొమ్మను మా పనికి అన్వయించుకున్నాం. డప్పు, మైకు, తీగ, ప్యాడ్, వినేవాళ్ళ చెవి. మధ్యలో వచ్చిపడే హోరుకు మన దగ్గర కొదవ లేదు. ఫ్యాను, రోడ్డు మీద లారీ, పక్క గదిలో ప్లేట్ల చప్పుడు. షానన్ గారు చెప్పింది ఏమిటంటే, దారిలో ఎంత హోరున్నా ఆ దారికి ఒక పరిమితి ఉంటుంది, ఆ పరిమితి లోపల పంపినంతవరకు పొరపాటు దాదాపు లేకుండా పంపే పద్ధతి ఉండి తీరుతుంది. అంతవరకూ ఇంజనీర్లు హోరును జయించాలంటే మరింత గట్టిగా అరవడమే మార్గం అనుకునేవారు.

ఇక 1949లో వచ్చిన రెండో వ్యాసం మాకు నేరుగా పనికివచ్చింది. శబ్దం అనేది గాలిలో ఎడతెగకుండా వచ్చే అల. దాన్ని అంకెలుగా రాయాలంటే మధ్యమధ్యలో ఆగి కొలవాలి. ఎన్నిసార్లు కొలిస్తే ఏమీ పోకుండా ఉంటుంది? శబ్దంలో ఉన్న అతి పెద్ద పౌనఃపున్యం ఎంతో దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తే చాలు, మధ్యలో విడిచిన భాగమంతా తిరిగి రాబట్టవచ్చు. ఈ సూత్రం బీజం 1928లోనే హ్యారీ నైక్విస్ట్ వేశారు, 1933లో రష్యాలో కొటెల్నికోవ్ విడిగా నిరూపించారు. షానన్ గారు దాన్ని అందరికీ అర్థమయ్యే రూపంలో, సమాచార సిద్ధాంతంతో జతచేసి చూపించారు.

తక్కువసార్లు కొలిస్తే ఏమవుతుందో సినిమాలో ఎడ్లబండిని చూస్తే తెలుస్తుంది. బండి ముందుకు పోతుంటుంది, చక్రం ఆకులు మాత్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనబడతాయి. కెమెరా సెకనుకు 24 బొమ్మలే తీస్తుంది, చక్రం ఆకులు అంతకంటే వేగంగా స్థానం మారుతాయి. శబ్దంలోనూ అంతే. లేని శబ్దం ఒకటి ఉన్నట్టు వచ్చి కూర్చుంటుంది. సెకనుకు 44,100 సార్లు కొలిచే యంత్రంలోకి 30,000 హెర్ట్జ్‌ల శబ్దం వడకట్టకుండా పోతే అది 14,100 హెర్ట్జ్‌ల దొంగ శబ్దంగా బయటికి వస్తుంది. మనిషి చెవికి వినబడేది 20,000 హెర్ట్జ్‌ల వరకు. రెట్టింపు 40,000. మరి ఆ పైన 4,100 ఎందుకు? సీడీలు రాకముందు అంకెల శబ్దాన్ని వీడియో టేపుల మీద దాచేవారు. టీవీ బొమ్మలో వాడుకోదగిన గీతలు 245, ఒక్కో గీతలో 3 కొలతలు, సెకనుకు 60 సార్లు. గుణించి చూడండి, 44,100 వస్తుంది. 1982లో సీడీలు అంగట్లోకి వచ్చినప్పుడు అదే అంకెను ఉంచేశారు. మన చేతిలో ఉన్న ప్యాడ్ కూడా ఆ అంకెనే అడుగుతుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోన్ల పద్ధతిలో సెకనుకు 8,000 సార్లే కొలుస్తారు. మాటకు అది చాలు. అదే ఫోనులో డప్పు వినిపిస్తే రేకుడబ్బా కొట్టినట్టు ఉంటుంది.

16 బిట్లు అంటే ఒక్కో కొలతను 65,536 మెట్లలో ఒకటిగా రాయడం. 8 బిట్లయితే 256 మెట్లే. మెట్లు తక్కువైతే డప్పు దెబ్బ చివర సన్నగా సాగే మోత గరగరమంటుంది. అట్లని శబ్దం పై మెట్టును దాటితే ఇంకా ప్రమాదం. అల తల కత్తిరించినట్టయిపోతుంది, తరువాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని బాగుచేయలేదు. అందుకే రికార్డు చేసేటప్పుడు గట్టి దెబ్బ కూడా ఎర్రగీతకు కొంత కిందనే ఉండేటట్టు చూడాలి.

మా పని వివరం చెబుతాం. మళ్ళీ ఏడు ఈ పని చేయబోయే తమ్ముళ్ళకు ఉపయోగపడుతుంది. డప్పు మా మిత్రుని తాతగారిది. ఆయన చింతగింజల అంబలితో తోలు అతికించి తానే చేసుకున్నాడు. ముందుగా మంట దగ్గర కాచాడు. కాగని డప్పు పలకదు, ఎక్కువ కాగితే తోలు పగులుతుంది. ఆ హద్దు ఆయన చేతివేళ్ళకు తెలుసు. గది గోడలకు హాస్టల్ దుప్పట్లు వేలాడదీశాం, ప్రతిధ్వని రాకుండా. ఫ్యాను ఆపాం. ఒక దెబ్బ కొట్టాక మోత పూర్తిగా చచ్చేవరకు ఎవరూ కదలకూడదు. కుడిచేతి చిర్ర దెబ్బ వేరు, ఎడమచేతి సిటికెనపుల్ల దెబ్బ వేరు. నడిమధ్య దెబ్బ వేరు, అంచు దెబ్బ వేరు. ఒక్కో దాన్ని మెల్లగా, మధ్యస్తంగా, గట్టిగా పలుమార్లు కొట్టించాం. ఒకే దెబ్బను ప్యాడ్‌లో పెట్టి పదేపదే కొడితే మిషన్ కొట్టినట్టే ఉంటుంది. తాత ఏ రెండు దెబ్బలూ ఒక్క తీరుగా కొట్టడు, తేడా అక్కడే ఉంది.

రికార్డు చేసినది 24 బిట్లలో. కోత, సరిచేత అంతా అందులోనే చేసి చిట్టచివర ఒకే ఒక్కసారి 16 బిట్లకు, 44,100కు మార్చాలి. మాటిమాటికీ మార్చితే ప్రతిసారీ కొంత పోతుంది. ఎం.పి.3లో దాచకూడదు. అది చెవికి అంతగా తెలియని భాగాలను తీసివేసి ఫైలును చిన్నది చేస్తుంది, పైగా మొదట్లో కొంత ఖాళీ చేరుస్తుంది. పాట వినడానికి అది చాలు, ప్యాడ్‌కు కాదు. వేవ్ ఫైలే ఉండాలి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఒక్కో దెబ్బను విడిగా కోశాం. దెబ్బకు ముందు ఖాళీ ఉండకూడదు. సెకనులో 50వ వంతు ఖాళీ ఉన్నా అది 882 కొలతలు, కొట్టేవాడి చేతికి ప్యాడ్ వెనుకబడినట్టు తెలిసిపోతుంది. అల సున్నా గీతను దాటే చోటనే కోయాలి, లేకపోతే టిక్కుమని చప్పుడు వస్తుంది. చివరి మోతను నెమ్మదిగా సున్నాకు దించాలి. ఒక్క డప్పుకు ఒక్క చానల్ చాలు. అప్పుడు సెకను శబ్దానికి 88,200 బైట్లు పడుతుంది, రెండు చానళ్ళయితే దానికి రెట్టింపు. ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, పొట్టిగా, వరుస నంబర్లతో పెట్టుకోవాలి. ప్యాడ్ చిన్న తెరలో పొడవు పేర్లు సగమే కనబడతాయి.

ఇక్కడ షానన్ గారి సిద్ధాంతంలో మమ్మల్ని ఆగి ఆలోచింపజేసిన విషయం ఒకటి ఉంది. 1948 వ్యాసం మొదట్లోనే ఆయన అర్థాన్ని పక్కన పెట్టారు. సందేశం ఏమిటన్నది ఇంజనీరుకు అనవసరం, చెక్కుచెదరకుండా చేరిందా లేదా అన్నదే చూడాలి. ఆ ఒక్క నిర్ణయం వల్లనే పాట, మాట, బొమ్మ, ఉత్తరం అన్నీ ఒకే బిట్లలో కొలవగలిగారు. అది గొప్ప నిర్ణయం, సందేహం లేదు. కాని డప్పు దగ్గర అర్థాన్ని పక్కన పెట్టడం కుదురుతుందా? పెళ్ళి దరువు వేరు, సావు దరువు వేరు, ఊరికి సాటింపు వేసే దరువు వేరు. ప్యాడ్‌లో ఉన్నది దెబ్బలే, దరువు లేదు. ఏ దెబ్బ ఏ ఇంటి ముందు ఎట్లా కలిపి కొట్టాలో దానికి తెలియదు.

ఇంకొక సంగతి కూడా దాచకుండా రాస్తున్నాం. మన తాతల కాలంలో డప్పు కొట్టడం ఇష్టంతో చేసిన పని కాదు, వెట్టి. ఊరు పిలిస్తే పోవాలి, ఇచ్చింది తీసుకోవాలి. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైనాక అదే డప్పు ఆత్మగౌరవానికి గుర్తయింది. తెలంగాణ ఉద్యమంలో డప్పు లేని సభ లేదు. ఇప్పుడు డప్పుకు గౌరవం వచ్చింది, కూలి కూడా గిట్టుబాటయ్యే రోజులు వచ్చినాయి అనుకునేలోగా పెళ్ళిళ్ళలో పదిమంది డప్పు దళం బదులు ఒక్క ప్యాడ్, రెండు బాక్సులు వచ్చి కూర్చుంటున్నాయి. ప్యాడ్‌లో ఉన్న దెబ్బ ఎవరిదో ఎవరూ అడగరు. ఈ మాట మా నలుగురి మధ్య రెండు రోజులు వాదనకు దారితీసింది. ఒకరు అసలు రికార్డు చేయవద్దన్నారు. మరొకరు తాత తరువాత ఈ దెబ్బ ఎవరికి వస్తుంది, ఇట్లనైనా దాచుకోవాలి అన్నారు. చివరికి తాతనే అడిగాం. ఆయన కొట్టడానికి ఒప్పుకున్నాడు, మూడు షరతులు పెట్టాడు. ఈ ఫైళ్ళు హాస్టల్ దాటి ఏ డీజే చేతికీ పోకూడదు. సావు దరువును ప్యాడ్ మీద కొట్టకూడదు. వార్షికోత్సవం నాడు వేదిక మీద ఒక నిజమైన డప్పు ఉండాలి, దాని తరువాతే ప్యాడ్. మూడింటికీ ఒప్పుకున్నాం. ఫైళ్ళ జాబితాలో మొదటి వరుసలో ఆయన పేరు రాసి పెట్టాం. సంచికలో మాత్రం రాయవద్దన్నాడు కనుక ఇక్కడ రాయడం లేదు.

తిరిగి షానన్ గారి దగ్గరికి వద్దాం. 1949లో ఆయన బెల్‌లోనే గణన విభాగంలో పనిచేసే బెట్టీ మూర్‌ను పెళ్ళి చేసుకున్నారు. అంతకుముందు 1940లో ఒక పెళ్ళి జరిగి ఏడాదికే విడిపోయింది. బెట్టీ గారు ఆయనకు ఇల్లాలే కాదు, పరిశోధనలో తోడు. ఇంగ్లీషు భాషలో ఎంత భాగం ఊహించదగినదో లెక్కకట్టడానికి ఆయన ఒక డిటెక్టివ్ నవల తెరిచి, తరువాతి అక్షరం ఏమిటో చెప్పమని ఆమెను అడిగేవారు. ఆ లెక్క ప్రకారం ఇంగ్లీషు రాతలో దాదాపు సగం లేకపోయినా ఊహించుకోవచ్చని తేలింది. ఫైళ్ళను చిన్నవి చేసే పద్ధతులన్నిటికీ మూలం ఇటువంటి లెక్కలే. తెలుగు నవలతో ఇదే ఆట ఆడితే ఎంత వస్తుందో సెలవుల్లో మేము ఆడి చూడాలనుకుంటున్నాం.

1950లో ఆయన ఒక ఎలుకను చేశారు. దానికి గ్రీకు కథలోని వీరుడు థీసియస్ పేరు పెట్టారు. 25 గళ్ళ చిక్కుదారిలో ఆ లోహపు ఎలుక గోడలకు తగులుతూ వెతుక్కుంటూ పోయి గమ్యం చేరేది. రెండోసారి వదిలితే ఎక్కడా తగలకుండా నేరుగా పోయేది. జ్ఞాపకమంతా నేల కింద ఉన్న టెలిఫోను రిలేలలో. ఎలుకను నడిపేది కింద కదిలే అయస్కాంతం. అదే ఏడు యంత్రం చేత చదరంగం ఆడించడం ఎట్లాగో వ్యాసం కూడా అచ్చువేశారు.

1956లో ఎం.ఐ.టి.కి వెళ్ళి 1958 నుంచి అక్కడే ప్రొఫెసర్‌గా ఉన్నారు, 1978లో విరమించారు. ఆ 1956 నాటికి సమాచార సిద్ధాంతం పేరు చెప్పి ప్రతి శాస్త్రంలోనూ ప్రతివాడూ ఏదో ఒకటి రాసేస్తున్నారు. కీర్తి తనదే అయినా, ఈ ఊరేగింపు వెంట అందరూ ఎక్కి కూర్చోవద్దని, పని జాగ్రత్తగా చేయాలని హెచ్చరిస్తూ ఆయనే ఒక చిన్న వ్యాసం రాశారు. అట్లా రాయగలిగినవారు అరుదు.

ఇంట్లో ఆయనకు పెద్ద కార్ఖానా ఉండేది. ఒంటిచక్రం సైకిల్ ఎక్కి బెల్ ప్రయోగశాల వరండాల్లో బంతులు ఎగరేస్తూ పోయేవారట. క్లారినెట్ వాయించేవారు, జాజ్ సంగీతమంటే ప్రాణం. మంటలు చిమ్మే బూర చేశారు, రోమన్ అంకెల్లో లెక్కలు చేసే యంత్రం చేశారు. మిత్రుడు మిన్‌స్కీకి తట్టిన ఆలోచనతో ఒక పెట్టె చేశారు. స్విచ్ వేస్తే మూత తెరుచుకుని ఒక చెయ్యి బయటికి వచ్చి అదే స్విచ్‌ను ఆపి లోపలికి పోతుంది, అంతే దాని పని. 1961లో ఎడ్వర్డ్ థోర్ప్ అనే గణితజ్ఞునితో కలిసి ఒంటిమీద ధరించే కంప్యూటర్ ఒకటి చేశారు. బూటులో కాలివేలితో నొక్కితే, జూదపు చక్రంలో బంతి ఎక్కడ పడుతుందో చెవిలో స్వరాల రూపంలో చెప్పేది. చెవిలోకి పోయే సన్నటి తీగ ఊరికే తెగిపోయేది. జూదం మంచిది కాదని వార్డెన్ సార్ అంటారు కనుక దీని గురించి ఇంతకంటే రాయం.

బిరుదులు చాలా వచ్చినాయి. 1966లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం, 1985లో జపాన్ వారి క్యోటో బహుమతి. అదే 1985లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో సమాచార సిద్ధాంతం సదస్సు జరుగుతుంటే చెప్పకుండా వచ్చి వెనుక తిరుగుతూ కనిపించారు. ఎవరో గుర్తుపట్టారు, ఇక సంతకాల కోసం జనం వరుస కట్టారు. మాట్లాడమంటే కాసేపు మాట్లాడి, విసుగు పుట్టిస్తున్నానేమోనని జేబులోంచి బంతులు తీసి ఎగరేశారు.

ఆ తరువాత ఆయనకు అల్జీమర్స్ వ్యాధి ముదిరింది. మాటలు, మనుషులు, తాను చేసిన లెక్కలు ఒక్కొక్కటిగా జారిపోయాయి. చివరి ఏళ్ళు వృద్ధుల వైద్యాలయంలో గడిచాయి. బెట్టీ గారు చూసుకున్నారు. 2000 అక్టోబర్‌లో గేలార్డ్ ఊరివాళ్ళు ఆయన విగ్రహం పెట్టుకున్నారు. దాన్ని చూడటానికి ఆయన రాలేకపోయారు. 2001 ఫిబ్రవరి 24న మసాచుసెట్స్‌లోని మెడ్‌ఫర్డ్‌లో 84 ఏళ్ళ వయసులో మరణించారు. అప్పటికి ప్రపంచమంతా సెల్‌ఫోన్లు మోగుతున్నాయి. థీసియస్ ఎలుక ఎం.ఐ.టి. మ్యూజియంలో ఉంది.